మెస్‌లో పనిచేస్తున్న బాలిక: నర్సుగా నేనేం చేయాలి?

ప్రశ్న: కర్నూలులో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సును. నూనె పడి చెయ్యి కాలిన పదమూడేళ్ల అమ్మాయిని ఒకతను తీసుకొచ్చి, 'మా అన్న కూతురు' అన్నాడు. డ్రెస్సింగ్ చేస్తుండగా ఆ పాప, తమది కోసిగి దగ్గర పల్లె అని, అమ్మానాన్నలు మిరప కోతలకు గుంటూరు వెళ్లారని, ఇతను వాళ్లకు అడ్వాన్సు ఇచ్చి తనను మెస్‌లో పనికి తెచ్చుకున్నాడని చెప్పింది. పోలీసు గొడవలు మనకెందుకని మా మేనేజరు అంటున్నారు. డ్రెస్సింగు మార్చడానికి వాళ్లు మళ్లీ రావాలి. నేనేం చేయాలి?

జవాబు: వాళ్లు మళ్లీ వచ్చేదాకా ఆగకండి, ఈరోజే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. అతను ఇచ్చిన చిరునామా, ఫోన్ నంబరు మీ ఓపీ రిజిస్టరులోనే ఉంటాయి. పిల్లల అక్రమ రవాణా జరిగిందని రుజువు చేయవలసింది మీరు కాదు, దర్యాప్తు అధికారి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 31వ సెక్షన్, రక్షణ అవసరమైన బాలలను బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచగలవారిలో నర్సును పేరుపెట్టి చేర్చింది. అందుకు మేనేజరు అనుమతి కావాలని ఎక్కడా అనలేదు.

కన్నవారు ఒప్పుకున్నారన్న వాదన తప్పకుండా వస్తుంది. అయితే పిల్లలపై అధికారం ఉన్నవారికి డబ్బిచ్చి ఒప్పించడాన్ని కూడా భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ అక్రమ రవాణా పద్ధతుల్లో ఒకటిగానే లెక్కిస్తుంది. దోపిడీ కోసం బాలలను అలా తెచ్చినట్టు తేలితే కనీస శిక్ష 10 ఏళ్లు. అతను నిజంగానే చిన్నాన్న అయినా, పద్నాలుగేళ్లు నిండని పిల్లలు కుటుంబ వ్యాపారంలో సాయపడేది బడి వేళల తర్వాతో, సెలవుల్లోనో, అదీ ప్రమాదం లేని పనిలోనే అని బాల కార్మిక చట్టం చెబుతోంది.

లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న భయం కలిగినా, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. తెలిసీ చెప్పని వ్యక్తికి ఆరు నెలల వరకు జైలు ఉండగా, సిబ్బంది చేసిన నేరాన్ని దాచిన సంస్థ బాధ్యుడికి అది ఏడాది వరకు ఉంటుంది. సదుద్దేశంతో సమాచారమిచ్చినవారిపై మాత్రం కేసు నిలవదు.

కేస్ షీటులో 'అక్రమ రవాణా' అని మీ తీర్మానం రాయకండి. పాప అన్న మాటలను అన్నట్టుగానే, తేదీ, సమయంతో రాసి, గాయం ఎక్కడ, ఎంత మేర ఉందో నమోదు చేయండి. కోర్టులో నిలిచేది ఆ రాతే. అతని ఎదుట ఆ పాపను ఏమీ అడగవద్దు. ఫొటో తీసి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం అసలే వద్దు, ఎందుకంటే ఇలాంటి బాలల గుర్తింపు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం.

సాక్షిగా సమన్లు రావచ్చు. వస్తే పబ్లిక్ ప్రాసిక్యూటరును ముందుగా కలిసి, మీరు రాసిన కేస్ షీటు ఒకసారి చదువుకుని వెళ్లండి.