జీసీసీ కంపైలర్‌తో చేసిన డీఎల్ఎల్ (వేరే ప్రోగ్రామ్‌లు పిలిచి వాడుకునే కోడ్ ఫైల్) నా దగ్గర పనిచేస్తోంది, క్లయింట్ దగ్గర చేయడం లేదు. విజువల్ స్టూడియోకి మారిపోవాలా?

మారక్కర్లేదు. ఇలాంటి కేసుల్లో నూటికి తొంభై తొమ్మిది సార్లు తప్పు కంపైలర్‌ది కాదు, మన సిస్టమ్‌ది. మన దగ్గర అన్నీ ఉంటాయి కాబట్టి అవతల ఏం లేదో మనకు తట్టదు.

కొన్నేళ్ళ కింద జీడిమెట్ల వైపు ఒక ధర్మకాటాకి పని చేసిపెట్టాను. కాటా నుంచి సీరియల్ పోర్టులో వచ్చే బరువు ఎక్సెల్ షీట్‌లో పడాలి, అంతే. సీ ప్లస్ ప్లస్‌లో రాసి, మింగ్‌డబ్ల్యూలో, అంటే విండోస్ మీద నడిచే జీసీసీలో, షేర్డ్ ఆప్షన్‌తో డీఎల్ఎల్ చేశా. ఇంట్లో బ్రహ్మాండంగా నడిచింది. అక్కడికెళ్ళి బటన్ నొక్కితే ఎర్రర్ 53, ఫైల్ దొరకలేదట. ఫైల్ కళ్ళ ముందే ఉంది! పాత్ నాలుగుసార్లు టైప్ చేశా, పేరు మార్చా, యాంటీవైరస్‌ని తిట్టుకున్నా. బయట కాటా మీద ఇసుక లారీ, దాని వెనక ఇంకో మూడు. డ్రైవర్ కిటికీలోంచి తొంగిచూసి "అన్నా, అయితదా, చేత్తో రాసిస్తవా?" అన్నాడు. చేత్తోనే రాసిచ్చారు.

రాత్రి ఆ డీఎల్ఎల్ మీద ఆబ్జ్‌డంప్ మైనస్ పీ (ఒక ఫైల్ ఇంకే డీఎల్ఎల్‌లు అడుగుతోందో చూపించే కమాండ్) కొడితే సంగతి తెలిసింది. దొరకనిది నా ఫైల్ కాదు, అది నడవడానికి వెనక అడుగుతున్న మింగ్‌డబ్ల్యూ రన్‌టైమ్ ఫైళ్ళు: లిబ్‌ఎస్‌టీడీసీ++, లిబ్‌జీసీసీ, విన్‌పీథ్రెడ్. నా సిస్టమ్‌లో మింగ్‌డబ్ల్యూ బిన్ ఫోల్డర్ విండోస్ వెతికే ఫోల్డర్ల లిస్టులో, అంటే పాత్‌లో, ఉంది కాబట్టి అక్కడ దొరికేవి. మొదటి రెండింటినే స్టాటిక్ చేస్తే, అంటే నా డీఎల్ఎల్ లోపలే కలిపేస్తే, విన్‌పీథ్రెడ్ మిగిలిపోయింది. చివరికి మొత్తానికీ కలిపి మైనస్ స్టాటిక్ పెట్టేశా. ఫైల్ సైజు పెరిగింది, పెరగనీ.

విండోస్ 64 బిట్ కదా అని 64 బిట్ డీఎల్ఎల్ ఇచ్చేయకండి. ఎక్సెల్ 32 బిట్ అయితే డీఎల్ఎల్ కూడా 32 బిట్టే కావాలి. అప్పుడు ఎస్‌టీడీకాల్ (32 బిట్ ఎక్సెల్ ఫంక్షన్లని పిలిచే పద్ధతి) ఫంక్షన్ పేర్లకి వెనక @4 లాంటి తోక వస్తుంది, ఎక్సెల్ ఎర్రర్ 453, ఆ పేరుతో ఫంక్షన్ లేదు అంటుంది. లింకర్‌కి (కంపైల్ చేసిన ముక్కల్ని ఒక ఫైల్‌గా కలిపేది) కిల్-ఎట్ ఆప్షన్ ఇస్తే తోక పోతుంది. సీ ప్లస్ ప్లస్ పేర్లు మార్చేయకుండా ఫంక్షన్లకి ఎక్స్‌టర్న్ సీ పెట్టడం మర్చిపోవద్దు.

అసలు ఇవన్నీ ఎవరు చెప్తున్నారిప్పుడు? అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ తిరిగి చూడండి, ఏ బోర్డు మీద చూసినా క్లౌడ్, డేటా సైన్స్, ఏఐ. లింకర్ అనే మాట ఒక్క బోర్డు మీద ఉంటే చాయ్ నాది. ఇంటర్వ్యూకి వచ్చే పిల్లల్ని హెడర్ ఫైల్‌కీ లైబ్రరీకీ తేడా అడిగితే సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తారు. వాళ్ళనీ అనలేం, నాకూ ఆ లారీ డ్రైవర్ ముందు నిలబడ్డాకే తెలిసింది.

మీరూ ఆబ్జ్‌డంప్ కొట్టి, 'డీఎల్ఎల్ నేమ్' అని మొదలయ్యే లైన్లు ఇక్కడ పెట్టండి. అందులో విండోస్‌ది కాని పేరు ఒక్కటి కనిపించినా దొంగ దొరికినట్టే.