ఆఫీసులో చేరబోతున్న బుజ్జితల్లికి

తెనాలి

బుజ్జితల్లీ,

సోమవారం నుంచి గుంటూరులో సీనియర్ లాయరు గారి ఆఫీసుకి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమనిపించింది. హైదరాబాద్‌లో కంపెనీ కేసులు చూసే ఆఫీసు కాదని జిల్లా కోర్టుకి రావడమేంటని నలుగురూ అంటున్నారట. అననీ. ప్రామిసరీ నోటు, బౌన్స్ అయిన చెక్కు, అన్నదమ్ముల పంపకం, గట్టు తగాదా, భరణం, యాక్సిడెంటు కేసు. మన ఊళ్లలో మనుషులకి నిద్ర లేకుండా చేసేవి ఇవే. ఇవి చూడటం వచ్చినవాళ్లకి ఎక్కడైనా పని దొరుకుతుంది.

కాగితం చేతికి రాగానే ముందు తేదీ చూడు. కథ తర్వాత విను.

నేను జూనియర్‌గా చేరిన రెండో ఏడు రైతు ఒకాయన వచ్చాడు. మా సీనియర్ గారు ఊళ్లో లేరు. కాగితం అడగకుండానే 'వారం పోయాక రండి' అని పంపేశాను. చెప్పినట్టే వారానికి వచ్చాడు. ప్లాస్టిక్ సంచిలోంచి నోటు తీశాడు. నాలుగు మడతలు, మడతల దగ్గర కాగితం చిరగబోతోంది. రెవెన్యూ స్టాంపు మీద సంతకం స్పష్టంగా ఉంది. సీనియర్ గారు దాన్ని వెనక్కి తిప్పారు. చెల్లు లేదు. బాకీదారు రెండుసార్లు వడ్డీ చేతికిచ్చాడు గానీ, నోటు వెనక రాసి సంతకం పెట్టలేదు. నోటు రాసిన తేదీకి మూడేళ్లు దాటి నాలుగు రోజులైంది. ఆయన మొదటిసారి మా మెట్లెక్కిన నాటికి దావా వెయ్యడానికి ఇంకా మూడు రోజుల గడువుంది. కూతురి పెళ్లికని దాచుకున్న డబ్బు అది. సీనియర్ గారు నన్ను ఒక్క మాటా అనలేదు. నోటుని మళ్లీ అవే మడతల్లో మడిచి ఆయన చేతిలో పెట్టారు.

సీనియర్ గారు లేకపోయినా వచ్చినవాళ్లని కూర్చోబెట్టు. కాగితాలు బల్ల మీద పరిచి తేదీలు రాసుకో. నోటైతే ముందు రాసిన తేదీ, వెనక చెల్లు తేదీ. గడువులోపు పడిన చెల్లే పనికొస్తుంది, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. ఆఖరి రోజు కోర్టుకి సెలవైతే తెరిచిన రోజున వెయ్యొచ్చు, కానీ ఆ ధైర్యంతో కూర్చోకు.

చెక్కు కేసుల్లో గడువులు ఇంకా తక్కువ. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వెయ్యాలి. తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వెయ్యాలి. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకిచ్చే మెమో ఏ రోజు అందిందో క్లయింటుని అడిగి అప్పుడే రాసిపెట్టు. నోటీసు కవరు 'డోర్ లాక్' అని తిరిగొస్తే చించకు, అలాగే కోర్టులో దాఖలు చెయ్యాలి.

ఆడవాళ్లు చాలామంది నీతోనే చెప్పుకుంటారు. 'నాకు పెళ్లయిపోయిందమ్మా, ఉమ్మడి ఆస్తిలో వాటా రాదంట' అంటారు. ఎన్టీఆర్ హయాంలో హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రం తెచ్చిన 1986 సవరణ, అది అమల్లోకి వచ్చేనాటికి పెళ్లికాని కూతుళ్లకే వాటా ఇచ్చింది. 2005 కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకీ వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికుండాలన్న వాదనని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో కొట్టేసింది. ఇక్కడా తేదీ ఉంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకం అయిపోయిందా అని మొదట కనుక్కో. అన్నదమ్ములు తెచ్చిన కాగితం మీద నీకు చూపించకుండా సంతకం పెట్టొద్దని గట్టిగా చెప్పు.

ఇక నీ సంగతి. మొదటి ఆరు నెలలు గుమస్తా గారి వెనకే తిరుగు. సమన్లు, నోటీసులు పంపడానికి కోర్టుకి కట్టే బత్తా కట్టారా, నకలు ఎప్పుడొస్తుంది, దావా ఏ అభ్యంతరంతో వెనక్కొచ్చింది, ఇవన్నీ ఆయన నేర్పినట్టు లా కాలేజీలో ఎవరూ నేర్పరు. 'బాబాయ్ గారూ' అని పిలువు. కాల్ వర్క్‌లో, అంటే కోర్టు మొదలవగానే కేసులు వరసగా పిలిచేటప్పుడు, మన కేసు వచ్చేసరికి ఆ కాగితాల కట్ట నీ చేతిలో ఉండాలి. వాయిదా అక్కడికక్కడే డైరీలో రాసుకుని, సాయంత్రం ఈకోర్ట్స్ యాప్‌తో సరిచూసుకో.

డబ్బు దగ్గర మొహమాటపడొద్దు. నెలకి ఎంతిస్తారో ముందే అడుగు. జూనియర్లకి పట్టణాల్లో నెలకి 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. అది సూచన మాత్రమే, అంత రాకపోవచ్చు. అయినా బస్సు చార్జీలకి కూడా అమ్మని అడిగే పరిస్థితి ఉండకూడదు. పిల్లలతో ఏళ్ల తరబడి ఊరికే పని చేయించుకునే అలవాటు మా తరం సీనియర్లు మానుకోవాలి.

జడ్జి పరీక్ష రాయాలని ఉందన్నావు. మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న నిబంధనని సుప్రీంకోర్టు 2025 మే 20న మళ్లీ తెచ్చింది. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (లాయరుగా తాత్కాలిక నమోదు) నుంచే లెక్క గనక ఆ సర్టిఫికెట్ జాగ్రత్త.

మొదటి వారం అయ్యాక ఆదివారం ఫోన్ చెయ్యి. ఏ ఏ కట్టలు చూశావో చెబుదువుగాని. మీ పెద్దమ్మ నీకోసం కోర్టులో మెడకి కట్టుకునే తెల్ల బ్యాండ్లు రెండు జతలు కుట్టించింది, మీ నాన్న ఇటొచ్చినప్పుడు ఇచ్చి పంపిస్తాను.

నీ పెదనాన్న