లారీ మోత విని లోపం పట్టే అబ్బాయికి ఏ చదువు?

ప్రశ్న: మాది బంగారుపాళ్యం. సొంత లారీ నడుపుకుంటున్నాను. ఈ ఏడాది పదో తరగతి పూర్తి చేసిన మా అబ్బాయి సెలవుల్లో నాతోపాటు బండిలో వస్తుంటాడు. పోయిన నెల మొగిలి ఘాట్‌లో వెనక నుంచి గుయ్యిమని మోత వస్తుంటే, అది ఎడమ మలుపుల్లోనే పెరుగుతోందనీ, కుడి చక్రం చూపించమనీ వాడు చెప్పాడు. విప్పిస్తే హబ్‌లో (చక్రం మధ్య భాగంలో) గ్రీజు మాడిపోయి, బేరింగు రోలర్లు నీలంగా మారి ఉన్నాయి. వాడు మెకానిక్ అవుతానంటున్నాడు. బంధువులు ఇంటర్లో ఎంపీసీ చేర్చమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అబ్బాయి చెప్పింది గాలివాటం మాట కాదు. బండి ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడివైపు చక్రాల మీదికి ఒరుగుతుంది, ఆ వైపు బేరింగు చెడి ఉంటే మోత హెచ్చుతుంది. ఎవరూ నేర్పకుండా తానే ఈ తేడా కనిపెట్టి ఉంటే, ఐటీఐలో మెకానిక్ ట్రేడు పాఠాలు చెప్పిన నా అనుభవంలో అది చాలా అరుదైన గుణం. దాన్ని వృథా కానివ్వకండి.

అయితే చెవి ఒక్కటే జీతం తెచ్చిపెట్టదు. లోపం ఫలానా భాగంలోనే ఉందని, పక్క భాగంలో లేదని, ఏదీ విప్పకముందే కారణంతో సహా చెప్పగలిగినవాడికే వర్క్‌షాపులో విలువ. బండి న్యూట్రల్‌లో నిలబడి, ఇంజిన్ ఆడుతుండగా కింద కరకరమంటోందనుకుందాం. క్లచ్ పెడల్ అదిమితే ఆ శబ్దం ఆగిపోతే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు (ఇంజిన్ తిరుగుడును లోపలికి తెచ్చే కడ్డీ) బేరింగును అనుమానించాలి, ఎందుకంటే పెడల్ అదమగానే ఇంజిన్‌తో సంబంధం తెగి ఆ షాఫ్టు తిరగడం ఆగుతుంది. పెడల్ అదిమినప్పుడే శబ్దం మొదలైతే అది చాలావరకు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు. గేర్‌బాక్సును కిందికి దించితే చాలా, లోపలంతా విప్పాలా అన్నది ఈ ఒక్క పరీక్షతోనే చాలావరకు తేలుతుంది. ఆ రెండు పనుల ఖర్చులో తేడా ఎంతో నాకంటే మీకే బాగా తెలుసు. అలాగే ఏ గేరులో ఉన్నా చక్రాల వేగాన్నే అనుసరించే మోత గేర్‌బాక్సు నుంచి వెనక్కి వెళ్లే షాఫ్టు, వెనక ఇరుసు హౌసింగ్, హబ్‌ల వైపు నుంచి వస్తుంది. ఇంజిన్ తిరుగుడుతోనే హెచ్చుతగ్గులయ్యేది ముందువైపు నుంచి వస్తుంది. బండి కదిలే క్షణంలో టంగుమంటే ముందుగా ఆ షాఫ్టు కీలులో ఉండే క్రాస్‌ను చూడాలి.

ఇవన్నీ పద్ధతిగా నేర్పేది ఐటీఐ. పదో తరగతి మార్కుల ఆధారంగా చేరగలిగే ట్రేడుల్లో డీజిల్ మెకానిక్ ఏడాది, మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్లు. తొందరగా పూర్తవుతుందని చాలామంది మొదటిదాన్ని ఎంచుకుంటారు కానీ, మీ అబ్బాయికి నేను రెండోదే సూచిస్తాను. వాడి చెవి పట్టింది ఇంజిన్ లోపాన్ని కాదు, చక్రం లోపాన్ని. గేర్‌బాక్సు, స్టీరింగ్, బ్రేకులు, సస్పెన్షన్ అన్నీ ఈ ట్రేడులో భాగం. చిత్తూరులోనూ తిరుపతిలోనూ ప్రభుత్వ ఐటీఐలు ఉన్నాయి. మీ ఊరికి చిత్తూరు దగ్గర కాబట్టి ముందు అక్కడ ఈ ట్రేడులో సీట్ల సంగతి కనుక్కోండి.

ఐటీఐ అయ్యాక నేరుగా షెడ్డుకు పంపకుండా అప్రెంటిస్‌షిప్ చేయించండి. ఆర్టీసీ డిపోలు ఐటీఐ పూర్తి చేసినవారిని అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. ఎయిర్ బ్రేకులున్న పెద్ద బండ్ల మీద రోజూ చేయి పడే అవకాశం అక్కడ దొరుకుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లలో సెన్సర్లు ఎక్కువ కాబట్టి, వాటిలో నమోదైన లోపాలు చదివే స్కానర్ వాడకం, కొంత ఎలక్ట్రికల్ జ్ఞానం తప్పనిసరి. అయినా మీ హబ్‌లో గ్రీజు మాడిన సంగతి స్కానర్ చెప్పదు. యంత్రం చెప్పేదీ చెవి చెప్పేదీ రెండూ కలిపి చూడగల మనిషి సర్వీసు సెంటర్లకు కావాలి.

ఎంపీసీ చెడ్డది కాదు. లెక్కలంటే నిజంగా ఇష్టముంటే చదవనివ్వండి. బంధువుల మాట కోసం మాత్రం వద్దు. ఐటీఐతో పైచదువు తలుపులు మూసుకుపోవు. ఆ తర్వాత బ్రిడ్జి కోర్సు చేసి పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరంలో చేరే వీలుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఇరవై ఏళ్లు నిండనివారు రవాణా వాహనం నడపడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి, మోత పరీక్షించే వంకతో కూడా వాడికి స్టీరింగ్ ఇవ్వకండి. మీరు కూడా ఘాట్ దిగుతూ శబ్దం వినడానికని న్యూట్రల్ చేయవద్దు, చదునైన చోట పక్కకు ఆపి చూడండి. రెండోది వాడి చెవుల సంగతి. షెడ్డులో గ్రైండర్, సుత్తి పని జరిగే చోట చెవులకు రక్షణ లేకుండా నిలబడనివ్వకండి. అక్కడ పోయిన వినికిడి తిరిగి రాదు.

వచ్చే ట్రిప్పు నుంచి వాడి చేతికి ఒక నోటుపుస్తకం ఇవ్వండి. ఏ వేగంలో, ఏ గేరులో, లోడుతోనా ఖాళీగానా, ఏ మలుపులో ఏ శబ్దం వచ్చిందో, విప్పాక ఏం తేలిందో వరుసగా రాయించండి. మొదటి పేజీలో మొగిలి ఘాట్, కుడి హబ్ సంగతి ఉండాలి.