కుక్కకి ఫ్లీస్: వేపనూనె చాలదా?

ప్రశ్న: మా కుక్క ఒంటి నిండా ఫ్లీస్, అదే రక్తం తాగే గెంతుడు పురుగులు. వేపనూనె రాశాం, వెనిగర్ నీళ్లు చల్లాం, గిన్నెలు తోమే లిక్విడ్‌తో స్నానం కూడా చేయించాం. రెండ్రోజులు తగ్గినట్టే ఉంటుంది, మళ్లీ మామూలే. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, కెమికల్ మందులంటే టెన్షన్. ఇంటి చిట్కాలతో పోయే దారి లేదా?

జవాబు: ముందు అవి ఫ్లీసేనా అన్నది చూసుకోండి, పిడుదుల్నీ వీటినీ చాలామంది ఒకే గాటన కట్టేస్తారు. పిడుదు చర్మాన్ని కరుచుకుని కదలకుండా ఉంటుంది. ఫ్లీ అలా కాదు, సన్నగా ముదురు గోధుమ రంగులో ఉండి వెంట్రుకల మధ్య పరిగెడుతుంది, పట్టుకోబోతే గెంతేస్తుంది. పురుగు చేతికి చిక్కకపోతే తోక మొదట్లో పేల దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడిపిన తెల్లగుడ్డ మీద వేయండి. చుట్టూ ఎర్రగా మరక దిగితే అది మట్టి కాదు, మీ కుక్క రక్తం తాగిన ఫ్లీ విసర్జించింది.

మళ్లీ మళ్లీ ఎందుకొస్తున్నాయంటే, మీరు చంపుతున్నది ఒంటి మీద ఉన్నవాటినే. ఇంట్లో ఉన్న మొత్తం ఫ్లీ సంతతిలో అలా ఒంటి మీద ఉండేవి సుమారు 5 శాతమే అంటారు. మిగతాదంతా గుడ్లు, లార్వాలు, గూడు కట్టుకున్న ప్యూపాల రూపంలో కుక్క పడుకునే గుడ్డలో, సోఫా సందుల్లో, తివాచీ పోగుల్లో ఉంటుంది. ఒక ఆడ ఫ్లీ రోజుకి 40-50 దాకా గుడ్లు పెట్టగలదు, అవి వెంట్రుకలకి అంటుకోవు కాబట్టి కుక్క ఎక్కడ తిరిగితే అక్కడ రాలిపోతాయి. వేడీ తేమా కుదిరితే మూడు నాలుగు వారాల్లో గుడ్డు కాస్తా గెంతే పురుగైపోతుంది, కుదరకపోతే గూట్లోనే నెలల తరబడి ఓపిక పట్టి, పక్కన ఎవరో నడిచిన అదురు, ఒంటి వేడి తగలగానే బయటికొస్తుంది. చాన్నాళ్లు తాళం వేసిన ఇంట్లోకి అడుగుపెట్టగానే కాళ్లకి ఫ్లీస్ పట్టేది ఇందుకే.

ఇప్పుడు మీ చిట్కాల సంగతి. సబ్బు నీళ్లని నేను తీసిపారెయ్యను, అవి నిజంగానే ఫ్లీస్‌ని ముంచి చంపుతాయి. కాకపోతే ఒళ్లు ఆరాక వాటి పని అయిపోయినట్టే, మర్నాడు సోఫా కింది నుంచి కొత్తవి ఎక్కితే ఆపేదేమీ ఉండదు. పైగా గిన్నెల లిక్విడ్‌తో మాటిమాటికీ స్నానం చేయిస్తే చర్మం పొడిబారి, అసలే గోక్కుంటున్న కుక్క ఇంకా గోక్కుంటుంది. వెనిగర్ వాసన కుక్కకి నచ్చదేమో గానీ ఫ్లీస్ చావవు, గోకి పుండైన చోట పడితే మంట. వేపనూనెకి పురుగుల్ని కొంత దూరంగా ఉంచే గుణం ఉన్నమాట నిజమే, కానీ ఇంట్లో ఇంత ముదిరాక అది చాలదు. చిక్కటి నూనె అలాగే పూస్తే కుక్క నాకి వాంతులు చేసుకోవచ్చు కూడా. టీట్రీ ఆయిల్ మాత్రం ముట్టుకోవద్దు, కొద్దిగా ఎక్కువైనా వణుకు, నడవలేకపోవడం వస్తాయి. కిరోసిన్ రాయమని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు, చర్మం కాలుతుంది, నాకితే లోపలికీ విషమే.

నా సలహా సూటిగా చెప్తాను. కుక్క ఒంటికి డాక్టర్ రాసిన మందు వాడండి, మీ ఓపికంతా ఇల్లు శుభ్రం చేయడం మీద పెట్టండి. మెడ వెనక వేసే చుక్కల మందుల్లో ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ లాంటివి సుమారు నెల పనిచేస్తాయి. పిల్లలున్న ఇంట్లో అయితే నేను నోటి మాత్రనే అడుగుతాను, ఒంటి మీద మందు ఉండదు కాబట్టి నిమిరినా చేతికంటేదేమీ లేదు. చుక్కలే వేస్తే ఆ చోటు పూర్తిగా ఆరేదాకా పిల్లల్ని దూరంగా ఉంచండి. మాత్రల మీద మీ భయం ఉత్తిదే అనను. ఫ్లీస్‌కి ఇచ్చే మాత్రల్లో ఐసాక్సజోలిన్ అనే మందుల రకం వల్ల కొన్ని కుక్కల్లో వణుకు, తూలడం, ఫిట్స్ రావచ్చని 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది, అయితే ఎక్కువ కుక్కలకి అవి సురక్షితమేనని కూడా చెప్పింది. మీ కుక్కకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పండి.

ఇంట్లో అయితే పడక గుడ్డలు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకండి, తివాచీలు, సోఫా అడుగు, గోడ అంచులు వాక్యూమ్ చేసి ఆ చెత్త వెంటనే బయట పడేయండి. రోజూ పేల దువ్వెనతో దువ్వి, చిక్కినవాటిని సబ్బు నీళ్ల గిన్నెలో ముంచండి. సబ్బు నీళ్లకి సరైన ఉద్యోగం ఇదీ.

ప్రశ్న: చుక్కల మందు వేసి పది రోజులైంది, ఇంకా ఫ్లీస్ కనబడుతున్నాయి. నకిలీ మందు అంటగట్టారంటారా?

జవాబు: అప్పుడే తిట్టకండి. మందు వేసే నాటికే గూళ్లలో ఉన్న ప్యూపాలు ఇంకా కొన్ని వారాలు బయటికొస్తూనే ఉంటాయి. ఆ గూటి లోపలికి మందులు సరిగ్గా చేరవు. కొత్తగా ఎక్కినవి మందుకి చస్తాయి గానీ, చచ్చేలోపు మీ కంట పడతాయి. మందు వేయడానికి ముందూ వెనకా రెండ్రోజుల్లో స్నానం చేయించారా? చుక్కలు చర్మానికి కాకుండా బొచ్చు మీదే వేశారా? కుక్క బరువుకి తగిన ప్యాకెట్టేనా? ఇంట్లో ఇంకో జంతువుంటే దానికీ దాని మందు వేశారా? ఇవన్నీ సరిగ్గా ఉంటే వరసగా కనీసం మూడు నెలలు మానకుండా వాడండి. ఒక్కసారి వేసి పనిచేయలేదని వదిలేయడమే ఎక్కువ ఇళ్లలో జరిగేది.

ప్రశ్న: అన్నంలో వెల్లుల్లి కలిపి పెడితే రక్తం వాసనకి ఫ్లీస్ రావట కదా?

జవాబు: పెట్టకండి. వెల్లుల్లి, ఉల్లి కుక్కల ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. ఫ్లీస్ ఎక్కువైతే చిన్న కూనలకి అసలే రక్తం తగ్గిపోతుంది, దాని మీద ఇదొకటా?

ప్రశ్న: మా పిల్లికీ ఫ్లీస్ పట్టాయి. కుక్క మందులో సగం వేయొచ్చా?

జవాబు: వద్దండీ, సగం కాదు, ఒక్క చుక్క కూడా వద్దు. కుక్కల చుక్కల మందులు కొన్నింట్లో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. కుక్క తట్టుకుంటుంది, పిల్లి శరీరానికి దాన్ని అరిగించుకునే శక్తి లేదు, వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. మందు వేసిన కుక్కని ఆనుకుని పడుకున్నా ప్రమాదమే. పొరపాటున ఈపాటికే వేసేసి ఉంటే మాత్రం నా జవాబు కోసం ఆగొద్దు, ప్యాకెట్ చేత్తో పట్టుకుని పిల్లిని వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.