డీఏపీలో ముంచిన కాగితం మండలేదా? అయితే కెమిస్ట్రీ చదవనివ్వండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ చదువుతోంది. అమెరికా కార్చిచ్చులపై విమానాలు ఎర్రమందు చల్లే వీడియో చూసినప్పటి నుంచి అదే ధ్యాస. మొన్న పొలానికి తెచ్చిన డీఏపీ ఎరువు గుప్పెడు నీళ్లలో కలిపి, పేపరు ముక్కలు నానబెట్టి, ఆరాక వెలిగించి చూసింది. ‘నల్లబడుతోంది గానీ మంట రావట్లేదు నాన్నా’ అంటోంది. ఈ కెమిస్ట్రీ చదువుకి ఉద్యోగాలుంటాయా? ఏదో ఒక బీటెక్‌లో చేర్చేయమంటారా? నాకు ఒకటే టెన్షన్.

జవాబు: ముందు ఆ కాగితం సంగతి. విమానం చల్లే మందులో అసలు సరుకు మీ బస్తాలోని జాతిదే, అమ్మోనియం ఫాస్ఫేట్. వేడి తగిలితే అమ్మోనియా పోయి ఫాస్ఫారిక్ ఆమ్లం మిగులుతుంది. అది కాగితంలో, ఆకులో ఉండే పీచు పదార్థం సెల్యులోజ్‌ను బొగ్గుగా మార్చేస్తుంది, మండే ఆవిర్లు తగ్గిపోతాయి. నీళ్లు ఆరిపోయినా మందు పనిచేస్తుంది కాబట్టే దాన్ని ఎక్కువగా మంట రాబోయే దారిలో చల్లుతారు. ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది, చల్లిన చోటు పైలట్‌కి కనబడాలని. చిక్కదనానికి గోరుచిక్కుడు గింజల జిగురు వాడిన రకాలూ ఉన్నాయి. ఈ మాట అమ్మాయికి చెప్పండి, సంబరపడుతుంది.

అదే మందు వాగులో పడితే అమ్మోనియా చేపల్ని చంపుతుంది. అందుకే అమెరికా అటవీశాఖ నీటికి 300 అడుగుల లోపు చల్లకూడదని నియమం పెట్టుకుంది. హాని తగ్గించడం కెమిస్టుల పనే.

ఇక ఉద్యోగం. అడవిలో మందు చల్లే కొలువే కావాలంటే మన దేశంలో కష్టం. ఇక్కడ ఇంకా ఫైర్‌లైన్లు (మంట దాటకుండా చెత్త తీసేసిన ఖాళీ దారులు), మంటను కొట్టే పచ్చికొమ్మలు, ఆకుల్ని ఊదేసే బ్లోయర్లే. కానీ గోడకి వేలాడే, మంటలార్పే ఏబీసీ సిలిండర్‌లో ఉండేదీ అమ్మోనియం ఫాస్ఫేట్ పొడే. కరెంటు తీగల తొడుగులకీ, రైలు సీట్లకీ మంటను అడ్డుకునే రసాయనాలు కావాలి. పని అక్కడుంది.

పేరు కోసం బీటెక్ వద్దు. మీ పక్కనే బరంపురంలో కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఐసర్ ఉంది. దాని ప్రవేశ పరీక్ష ఐఏటీ రాసి సీటు తెచ్చుకుంటే డిగ్రీ, పీజీ కలిసిన ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. సీటు రాకపోతే బీఎస్సీ చేసి, ఐఐటీల్లో ఎమ్మెస్సీకి పెట్టే ‘జామ్’ పరీక్ష రాయవచ్చు. మంటలార్పే పనే ఇష్టమైతే నాగపూర్ నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీలో ఫైర్ ఇంజనీరింగ్ ఉంది.

ఈసారి మామూలు ముక్క, ఉప్పునీళ్ల ముక్క, డీఏపీ ముక్క మూడూ కాల్చి, తేడా నోట్‌బుక్కులో రాయమనండి. పెరట్లోనే, పక్కన బకెట్ నీళ్లతో, మీరు దగ్గరుండి.