బల్ల దగ్గరికి ఎలా రాను?

పాఠకుల ప్రశ్నలకు శీర్షిక బృందం జవాబులు

ప్రశ్న: మా అత్తమ్మ మూడేళ్ళు మా దగ్గరే ఉండి, పోయిన ఏడాది ప్రభువునందు నిద్రించారు. ఆమెకు బీపీ, కిడ్నీ జబ్బు. డాక్టరు ఉప్పు బాగా తగ్గించమన్నారు. చివరి నెలలో ఒకరోజు చేపల పులుసు తినాలనుందని అడిగారు. ‘‘మీ నోటి రుచికి నేను చాకిరీ చేయలేను’’ అన్నాను, పిల్లల ముందే. ఆ తర్వాత ఆమె నన్ను ఏదీ అడగలేదు. పది రోజులకు ఆస్పత్రిలో చేర్చాం, తిరిగి రాలేదు. అందరూ ‘‘నిన్ను నువ్వు క్షమించుకో’’ అంటున్నారు. అదెలాగో తెలియడం లేదు. నాలుగు నెలలుగా చర్చిలో బల్ల (ప్రభు భోజనం, అంటే రొట్టె, పాత్ర) తీసుకోవడం మానేశాను. వచ్చే నెల జ్ఞాపకార్థ కూడిక. ఆమెకిష్టమని మావారు ఆ రోజు చేపల పులుసే చేయమంటున్నారు. తలుచుకుంటేనే చేతులు వణుకుతున్నాయి.
– ఒక సహోదరి, లింగరాజపురం, బెంగళూరు

జవాబు: అమ్మా, మీరు రెండు సంగతులను ఒకే మూటగా కట్టి మోస్తున్నారు. ముందు ముడి విప్పండి. ఉప్పు తగ్గించి పెట్టడం మీ తప్పు కాదు. కిడ్నీలు పని చేయని మనిషికి ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు చేరుతుంది, ఆయాసం వస్తుంది. మీరు మూడేళ్ళు కాపలా కాసింది దాని నుంచే. ఆ మాట ఒక్కటే తప్పు. అది తప్పు కాదని మేము చెప్పం, చెబితే మీరూ నమ్మరు. కానీ ఆమె ప్రాణం తీసింది జబ్బు, మీ మాట కాదు.

ఇక క్షమించుకోవడం. నీ కేసులో నువ్వే జడ్జివై కూర్చుని తీర్పు రాసుకో అని బైబిలు ఎక్కడా అనలేదు. మీకు చేతకావడం లేదంటే అది మీ పని కాదు కనుకనే. ఒప్పుకోవడం మన వంతు, క్షమించడం దేవుని వంతు, పుచ్చుకోవడం మళ్ళీ మన వంతు. మొదటి యోహాను పత్రిక 1:9 చెప్పేది ఇదే. అదే పత్రిక 3:20 కూడా చదవండి. మన హృదయమే మన మీద దోషం మోపినప్పుడు దేవుడు ఆ హృదయం కంటె అధికుడని ఉంది. మీ మనసు ‘‘ఇంకా చాలదు’’ అంటున్నంత మాత్రాన ఆయన ఇచ్చిన క్షమాపణ వెనక్కి పోదు.

బల్ల మానేయడానికి మీరు 1 కొరింథీయులకు 11:28ని ఆధారం చేసుకుని ఉంటారు. చాలామంది దాన్ని సగం దగ్గర ఆపేస్తారు. తన్ను తాను పరీక్షించుకోవాలి అన్నాక ఆ వచనం ఆగదు. ఆలాగు చేసి ఆ రొట్టె తినాలి, ఆ పాత్రలోనిది త్రాగాలి అంటుంది. పరీక్ష మిమ్మల్ని గుమ్మం బయట నిలబెట్టడానికి కాదు, లోపలికి తీసుకురావడానికి.

యేసు శిష్యుడు పేతురు సంగతి చూడండి. యోహాను సువార్త 18లో, నువ్వు యేసు శిష్యుడివి కావా అని అడిగితే ఆయన ‘‘నేను కాను’’ అన్నది బొగ్గుల నిప్పు దగ్గర చలి కాచుకుంటూ. 21వ అధ్యాయంలో తిబెరియ సముద్రపు ఒడ్డున యేసు నిప్పులు రాజేసి, చేపలు, రొట్టె సిద్ధం చేసి ఉంచాడు. ఈ రెండు చోట్లా గ్రీకులో ఒకే మాట, అంథ్రాకియా. కొత్త నిబంధనలో ఆ మాట ఇంకెక్కడా రాదు. పేతురు ఆ వాసనతోనే మళ్ళీ కూర్చోవలసి వచ్చింది. అయితే ముందు భోజనం, ఆ తర్వాతే ‘‘నన్ను ప్రేమించుచున్నావా’’ అన్న ప్రశ్న. మీవారు అడిగిన పులుసు మీకు ఆ నిప్పులాంటిది. వండండి.

వండే ముందు ఒక పని ఉంది. అత్తమ్మను ఇప్పుడు అడగలేరు, కానీ ఆ మాట విన్న పిల్లలున్నారు. కూడికకు ముందే ఒక రాత్రి ప్రార్థనలో, మీవారు కూడా ఉండగా చెప్పండి: ‘‘నాన్నమ్మ చేపల పులుసు అడిగినప్పుడు నేను ఆ మాట అన్నాను. అది తప్పు. దేవుని దగ్గర ఒప్పుకున్నాను, మీ దగ్గరా ఒప్పుకుంటున్నాను.’’ అంతే చాలు. అలసిపోయి ఉన్నాననీ, నిద్ర లేదనీ జోడించకండి. నిజమే అయినా, ఆ రోజుకు అది వద్దు. తర్వాత మీ సంఘం పాస్టరు అయ్యగారితో మాట్లాడి, వచ్చే బల్ల ఆదివారం ముందుకు వెళ్ళండి.

ఇప్పుడు పులుసు. కిలో చేపకు కొలత ఇది. బెంగళూరులో సులువుగా దొరికే బొచ్చె గాని శీలావతి గాని తీసుకుని, ముక్కలు బొటనవేలంత మందం కొట్టించండి. పలచనైతే పులుసులో చెదిరిపోతాయి. కడిగేటప్పుడు కడుపు లోపలి నల్ల పొర గోకేయండి, పిత్తం తిత్తి చితికిన ముక్క ఉంటే తీసేయండి. పులుసు చేదెక్కడానికి మొదటి కారణం అదే, రెండోది మాడిన మెంతులు. కళ్ళుప్పు, పసుపు, కాస్త నిమ్మరసం పట్టించి పావుగంట ఉంచి కడిగేయండి.

అరవై గ్రాముల చింతపండు వేడినీళ్ళలో నానబెట్టి రసం తీయండి. నీళ్ళతో కలిపి మొత్తం 800 మిల్లీలీటర్లు రావాలి. వెడల్పాటి గిన్నెలో ఆరు పెద్ద చెంచాల నూనె పోసి, పావుకిలో ఉల్లిపాయ సన్నగా తరిగి ఎర్రబడేదాకా వేయించండి, కనీసం పది నిమిషాలు. ఆరు పచ్చిమిర్చి, కరివేపాకు, పెద్ద చెంచాడు అల్లం వెల్లుల్లి ముద్ద. మంట బాగా తగ్గించాక మూడు చిన్న చెంచాల కారం, రెండు ధనియాల పొడి, అర చెంచా పసుపు. వెంటనే చింతపండు రసం, రెండున్నర చెంచాల ఉప్పు.

చేప వేయకముందే పులుసు పదిహేను నిమిషాలు మరగాలి. అంచుల్లో నూనె తేలితే సరే. తొందరపడి ముందే ముక్కలు వేస్తే చింతపండు పచ్చివాసన పోయేలోపు చేప చితికిపోతుంది. ముక్కలు ఒక్కొక్కటే జారవిడిచి, మధ్యస్థం మంట మీద పది పన్నెండు నిమిషాలు. గరిటె పెట్టవద్దు. గుడ్డతో గిన్నె రెండు చెవులూ పట్టుకుని మెల్లగా తిప్పండి. మీ చేతులు వణికినా ఇబ్బంది లేని పని ఇది! దించే ముందు వేయించి దంచిన మెంతులు పావు చెంచా, జీలకర్ర అర చెంచా, కొత్తిమీర. మూతపెట్టి గంటా రెండు గంటలు వదిలేస్తే ముక్కకు పులుపు పడుతుంది. ముందురోజే చేస్తే చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, తినే ముందు ఒక్కసారే కాచండి. రెండు కిలోలైతే రెండు గిన్నెలు పెట్టండి. ఒకదాని మీద ఒకటి పడిన ముక్క నిలవదు.

ఒక్క మాట మరవకండి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, బతకాలనిపించకపోయినా అది విశ్వాసం తక్కువై కాదు. డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. మీ ఊళ్ళోనే నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య ఆస్పత్రి ఉంది.

ప్రశ్న: కూరలో ఉప్పు తక్కువైనా, అన్నం మెత్తబడినా భార్య మీద అరుస్తాను. రాత్రి కుటుంబ ప్రార్థనలో క్షమించమని దేవుణ్ణి అడుగుతాను, మనసు తేలికపడుతుంది. తను మాత్రం రెండు రోజులు మాట్లాడదు. దేవుడు క్షమించాక తనెందుకు క్షమించదు?
– ఒక సహోదరుడు, మారతహళ్ళి

జవాబు: తమ్ముడూ, అరిచింది ఆమె మీద, అడిగింది దేవుణ్ణి. మత్తయి 5:23, 24 చదవండి. అర్పణ బలిపీఠం ముందే వదిలిపెట్టి, మొదట వెళ్ళి సమాధానపడమంది. మీ ఇంట్లో ఆ వరుస తిరగబడింది. ప్రార్థనకు ముందే, పిల్లలు వింటుండగా, ‘‘ఉప్పు గురించి నేను అరిచింది తప్పు’’ అనండి. ‘‘కానీ’’ అన్న మాట నోట్లోనే ఆపండి. వెంటనే జవాబు ఆశించకండి. ఆమె మౌనం క్షమించకపోవడమని అనుకోకండి, మళ్ళీ ఎప్పుడు అరుస్తారోనన్న భయం కావచ్చు. అది పోవడానికి నెలలు పడుతుంది.

ఉప్పు డబ్బా భోజనాల బల్ల మీదే పెట్టుకోండి. శనివారం రాత్రి వంట మీరు చేయండి, టమాటా పప్పుతో మొదలుపెట్టండి. గ్లాసు కందిపప్పు అరగంట నానబెట్టి, రెండున్నర గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు, చెంచాడు నూనెతో కుక్కర్‌లో నాలుగు కూతలు రానివ్వండి. నూనె వేస్తే పప్పు పొంగి విజిల్‌కు అడ్డుపడదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అందుకే విడి గిన్నెలో పప్పు ఓ పట్టాన ఉడకదు. టమాటా, చింతపండు విడిగా మగ్గించి, పప్పు ఉడికాకే కలపండి. పులుపు ముందే పడితే గింజ బిరుసెక్కుతుంది.

ప్రశ్న: సండే స్కూల్ క్రిస్మస్‌కు గులాబీ పువ్వులు (అచ్చుతో నూనెలో వేయించే పిండివంట) చేసిస్తానని ఒప్పుకున్నాను. సగం అచ్చుకే అంటుకుపోయాయి. దేవుని పనికిచ్చిన మాట పాడుచేశానని బాధగా ఉంది.
– ఒక చెల్లెలు, కమ్మనహళ్ళి

జవాబు: ఇది పాపం కాదు తల్లీ, అచ్చు వేడి సమస్య. దీనికి ప్రార్థనలో కన్నీళ్ళు పెట్టుకోకండి. కొత్త అచ్చును ముందురోజు రాత్రంతా నూనెలో ముంచి ఉంచాలి. కప్పు మైదా, కప్పు బియ్యప్పిండి, ముప్పావు కప్పు చక్కెర పొడి, ఒక గుడ్డు, జారుగా అయ్యేంత కొబ్బరిపాలు. అచ్చు నూనెలోనే కాగాలి. చల్లగా ఉంటే పిండి పట్టదు, మరీ కాలితే ముంచగానే చుయ్‌మని పిండి జారిపోతుంది. మూడొంతులే ముంచండి. పిండి అచ్చు పైకెక్కి మూసుకుందంటే పువ్వు ఇక ఊడదు. నూనెలో పెట్టి అర నిమిషం ఆగి కదిపితే దానంతట అదే విడుస్తుంది, విడవకపోతే సన్నటి పుల్లతో అంచు తోయండి. ప్రతి వాయికీ ముందు పిండి కలియబెట్టండి, బియ్యప్పిండి అడుక్కి చేరుతుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాలో సర్దండి, వెచ్చగా మూతపెడితే తెల్లారేసరికి మెత్తబడిపోతాయి.