గాలి ట్యాంకు కోసం నగలు తాకట్టు పెట్టొద్దు

ప్రశ్న: మాది ఒంగోలు. ప్రైవేటు ఉద్యోగం, జీతం 42,000. ఇంట్లో నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, 66 ఏళ్ల అమ్మ. కరెంటు బిల్లు నెలకు 1,900 దాకా వస్తోంది. సోలార్ ప్యానెళ్లు పెట్టి, పగలు ఆ కరెంటుతో కంప్రెసర్ నడిపి, వెయ్యి లీటర్ల ట్యాంకులో గాలి నింపి, రాత్రి ఆ గాలితో జనరేటర్ తిప్పాలనుకుంటున్నాను. 3.5 లక్షలవుతుంది. 2 లక్షలు నగల మీద, మిగతాది రెండు రూపాయల వడ్డీకి తెస్తాను. బ్యాంకులో 35,000 ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన 2 లక్షల హెల్త్ పాలసీ ఉంది. ముందుకెళ్లొచ్చా?

జవాబు: వద్దండీ. లక్షన్నరకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 3,000. అసలులో ఒక్క రూపాయి తీరకుండానే, మీ బిల్లు కన్నా 1,100 ఎక్కువ. నగల మీద వడ్డీ దీనికి అదనం. ఖర్చు తగ్గించుకోవడానికి 24 శాతం వడ్డీకి అప్పు చేస్తామనే ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. కొనే వస్తువు మారుతుంది, లెక్క మాత్రం మారదు.

ట్యాంకు సంగతీ చూడండి. వెయ్యి లీటర్లలో 10 బార్ ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి సుమారు పదింతలతో, గాలి నింపినా, కాగితం మీద లెక్కకే అందులో అర యూనిట్ కరెంటు కూడా ఉండదు. చేతికొచ్చేది ఇంకా తక్కువ. పంక్చర్ షాపులో నడుస్తున్న కంప్రెసర్ హెడ్ మీద చెయ్యి పెట్టలేం కదా, ఆ వేడంతా మీరు పోగొట్టుకున్న కరెంటే. జర్మనీలోని హుంటోర్ఫ్‌లో 1978 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది, కానీ అక్కడ గాలిని దాచేది భూగర్భంలో ఉప్పు పొరల్లో తొలిచిన భారీ గుహల్లో. పైగా లోపల తుప్పు పట్టిన ట్యాంకు పేలితే ప్రాణాలకే ముప్పు.

నా అసలు టెన్షన్ ఆ 35,000 గురించి. నెల ఖర్చు 30,000 అనుకున్నా, ఉద్యోగం పోతే మీ ఇల్లు నడిచేది ఐదు వారాలు. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు రెండూ దెబ్బతిన్నాయి. అలాంటప్పుడు డబ్బు లేని ఇల్లు నగలు తీసుకుని బ్యాంకుకు వెళ్తుంది. మీరు ఆ నగల్నీ ముందే తాకట్టు పెట్టేస్తానంటున్నారు. ముందు 1.8 లక్షలు, అంటే ఆరు నెలల ఖర్చు, ఎఫ్‌డీలో చేరాలి. నెలకు 5,000 చొప్పున వేసినా సరే, మొదలుపెట్టండి.

ఉద్యోగం పోతే కంపెనీ పాలసీ కూడా పోతుంది. అసలు అందులో అమ్మ పేరుందా? చాలా గ్రూప్ పాలసీల్లో తల్లిదండ్రులు ఉండరు. హెచ్‌ఆర్‌ను ఈ వారమే అడగండి. మీ నలుగురికీ కలిపి 10 లక్షల ఫ్లోటర్ (ఆ మొత్తాన్ని ఇంట్లో ఎవరికైనా వాడుకోగల హెల్త్ పాలసీ), అమ్మకు విడిగా ఒక పాలసీ, మీ పేరున కనీసం 75 లక్షల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బిచ్చే బీమా) తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, టర్మ్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. అమ్మకు బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి, లేకపోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు.

సోలార్ కావాలంటే, ఇవన్నీ అయ్యాక, పీఎం సూర్య ఘర్‌లో 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉంది, పగలు మిగిలిన కరెంటును గ్రిడ్‌కు ఇచ్చి బిల్లులో తగ్గించుకునే నెట్ మీటరింగ్‌తో ట్యాంకు అవసరమే రాదు. కరెంటు కోతలే బాధైతే ఇన్వర్టర్ చాలు.

రెండు రూపాయల వడ్డీ ఆయనకు ఇప్పటికే మాట ఇచ్చి ఉంటే, నోటు మీద సంతకం పెట్టకముందే ఫోన్ చేసి వద్దని చెప్పేయండి.